చుట్టాల బండికి ధర కట్టడం

ఈమధ్య పొద్దున్నే వట్లూరు వైపు నడకకు వెళుతున్నాను. పక్కనుంచి పికప్ బండ్లు పోతూ ఉంటాయి. ఇదివరకైతే ఎదురొచ్చిన ప్రతి బండికీ మనసులో ఓ ధర పడిపోయేది. టైరు అరిగిన తీరు, పొగ రంగు, గతుకులో డోరు చేసే చప్పుడు, అన్నీ నా ప్రమేయం లేకుండానే లెక్కలోకి వచ్చేసేవి. రిటైరయ్యాక కూడా చాలాకాలం ఆ జబ్బు వదల్లేదు. ఇప్పుడు వదిలింది. బండి వస్తే పక్కకు తప్పుకుంటున్నాను, అంతే. అమ్మయ్య అనిపిస్తోంది.

పాత బండ్లు చూసి ధర చెప్పడం నా వృత్తి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళు నా తిరుగుడు. బ్యాంకులు పిలిచేవి, ఫైనాన్సు కంపెనీలు పిలిచేవి, నమ్మకం కొద్దీ మామూలు మనుషులూ పిలిచేవారు. ఎక్కువ చెబితే కొన్నవాడు తిట్టుకుంటాడు, తక్కువ చెబితే అమ్మినవాడు తిట్టుకుంటాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు. తిట్లు తిన్నాను గానీ తిండికి లోటు రాలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోనులో బండి పేరు కొట్టి ధర తీస్తున్నారు. నేను ఎగతాళి చెయ్యను. నా రోజుల్లో ఆ సదుపాయం ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. అయితే ఆ ధర పదిమందీ కొనే బండికి సరిపోతుంది. ఎవరూ అడగని బండి మీ ముందుకు వచ్చినప్పుడు ఫోను నీళ్ళు నములుతుంది. అలాంటి బండ్ల గురించే ఈ నాలుగు మాటలు. కమీషన్ల గురించి, ఫారాలు నింపడం గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఉన్నా మీకు పనికిరాదు.

తివాచీ వెనకవైపు

మా నాన్న ఏలూరులో తివాచీలు నేసేవాడు. ఎవరైనా పాత తివాచీ తెచ్చి ఇదెంత చేస్తుందని అడిగితే ముందు దాన్ని తిరగేసేవాడు. పైన పువ్వులు అందరూ చూస్తారు, ముడులు వెనకే తెలుస్తాయి అనేవాడు. ఆయన దగ్గర నేత నేర్చుకోలేదు గానీ ఈ ఒక్క అలవాటు మాత్రం పట్టుకున్నాను. బండి చూడటానికి వెళితే ముందు గోనెసంచి పరుచుకుని కిందికి దూరేవాణ్ణి. ఆ తరువాత క్యాబిన్లో కాళ్ళ కింద మ్యాటు ఎత్తేవాణ్ణి.

కొల్లేరు బండ్లకు ఆ మ్యాటు కిందే అసలు సంగతి ఉంటుంది. చేపల నీళ్ళు, ఐసు నీళ్ళు రేకును లోపలినుంచి తినేస్తాయి. పైన కొత్త పెయింటు మెరుస్తూ ఉంటుంది, కింద స్క్రూడ్రైవరు పొడిస్తే అవతలికి దిగుతుంది. చేపల బండి చూసేటప్పుడు ఇంజను కంటే ముందు నేల చూడండి. ఇంజను పాడైతే బాగుచేసేవాళ్ళు వీధికి ఒకరు ఉన్నారు.

మా గురువుగారి యార్డు

నాకు పని నేర్పింది తాడేపల్లిగూడెంలో పాతబండ్ల యార్డు నడిపిన సుబ్బారాయుడుగారు. గొంతు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. ఆకలేస్తోందని చెప్పకుండానే టిఫిను తెప్పించేవారు. ఆయన దృష్టిలో పికప్ అంటే వెనక తొట్టి. తొట్టి ఎంత పొడుగుంటే బండికి అంత విలువ. గూడెం మార్కెట్టులో ఉల్లిపాయల బస్తాలు, బెల్లం దిమ్మలు తోలేవాళ్ళకు అది నూటికి నూరుపాళ్ళు నిజం. ముందు ఒకే వరస సీటుండే సింగిల్ క్యాబిన్ బండి యార్డులోకి వస్తే వారం తిరక్కుండా వెళ్ళిపోయేది.

డబుల్ క్యాబిన్ వస్తే మాత్రం ఆయన మొహం చిట్లించేవారు. నాలుగు తలుపులు, వెనక ఇంకో సీటు, ఆ సీటు చోటు తినేయగా మిగిలిన పొట్టి తొట్టి. దానికి ఆయన చుట్టాల బండి అని పేరు పెట్టారు.

"చుట్టాలు ఎక్కుతారు, సరుకెక్కదు. అటు కారూ కాదు, ఇటు ట్రక్కూ కాదు. ఏం చూస్తావయ్యా బాషా, పావు వంతు కోసేసి రాసెయ్," అనేవారు.

నేను రాసేసేవాణ్ణి. గూడెంలో అది తప్పు ధరేమీ కాదు. సెల్ టవర్లు వేసే కాంట్రాక్టర్లు, పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన డబుల్ క్యాబిన్లు వేలంలో చవగ్గా వచ్చేవి. వచ్చినవి యార్డులో వానకు తడుస్తూ నెలలకొద్దీ నిలబడేవి. సుబ్బారాయుడుగారి మీద నాకున్న ఫిర్యాదల్లా ఒకటే, గూడెం మార్కెట్టే లోకమని ఆయన నమ్మారు. ఆ మాట ఆయన ముందు ఓసారి అన్నాను కూడా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఆయనే పెసరట్టు తెప్పించారు.

ఒకటిన్నర

ఓసారి వేలంలో ఇంకా విచిత్రమైన బండి వచ్చింది. తలుపులు రెండే. సీట్ల వెనక మాత్రం మూరెడు చోటు, ఆ తరువాత తొట్టి. సింగిలూ కాదు, డబులూ కాదు. మేం దాన్ని ఒకటిన్నర అనేవాళ్ళం. ఆ చోట్లో మనిషి కూర్చోలేడు.

"ఆ మూరెడూ దేనికయ్యా, పిల్లి పడుకోడానికా?" అన్నారు సుబ్బారాయుడుగారు. యార్డుకు వచ్చినవాళ్ళంతా దాని చుట్టూ తిరిగి నవ్వుకుని వెళ్ళారు.

చివరికి దాన్ని కొన్నది కైకలూరు వైపు చెరువుల మీద మోటార్లు బాగుచేసే మెకానిక్. వేరే బండి చూడటానికి వచ్చి, దీని తలుపు తీసి, సీటు ముందుకు వంచి అలా చూస్తూ నిలబడిపోయాడు.

"తీగ చుట్టిన మోటారు కాయిలు వానలో తడవకూడదని ఇన్నాళ్ళూ నా పక్కన సీట్లో పెట్టుకుని, నేను వంకరగా కూర్చుని తోలుతున్నానండీ. దీనికి తాళం కూడా పడుద్దా?" అని అడిగాడు.

పడుతుందని చూపించాను. అతను గట్టిగా బేరం కూడా ఆడలేదు. ఆ తరువాత నుంచీ అరుదైన బండి కనబడితే, ఇది లేక ఇప్పుడు ఇబ్బంది పడుతున్నవాడు ఎవడై ఉంటాడా అని వెతకడం మొదలుపెట్టాను. నా వృత్తిలో నేను సొంతంగా కనిపెట్టిన విద్య ఏదైనా ఉంటే అదే.

కోత

మా వైపు మనుషులకు తెలివి ఎక్కువ. ఆ తెలివే కొన్నిసార్లు కొంప ముంచుతుంది. డబుల్ క్యాబిన్ చవగ్గా వస్తోంది కదా అని కొనడం, వెనక సగాన్ని గ్యాస్ కట్టరుతో కోయించేయడం, ఓ రేకు అతికించి తొట్టి పొడిగించుకోవడం. ఎందుకంటే చేపలు ప్లాస్టిక్ ట్రేల్లో పోతాయి. ఇంకో వరస ట్రేలు పడితే ఇంకో వరస చేపలు. వేరే ఊళ్ళో ఎవరికీ ఈ ఆలోచన వచ్చి ఉండదు. కొల్లేరు చుట్టూ మాత్రం ఒకణ్ణి చూసి ఒకడు మొదలుపెట్టారు.

కోసిన బండి మొదటి వారం ముచ్చటగానే ఉంటుంది. తరువాత తలుపులు సరిగా పడవు, వాన లోపలికి కొడుతుంది. సరుకు బండికి రవాణా ఆఫీసులో ఎఫ్‌సీ చేయించాలి కదా, అంటే ఈ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్టిఫికెట్టు. అక్కడికి వెళ్ళేసరికి అసలు కథ మొదలవుతుంది. కాగితంలో డబుల్ క్యాబిన్, ఎదురుగా సింగిల్. అధికారి వెనక్కి పంపేస్తాడు. ఇన్సూరెన్సు చెల్లదు, ఇంకొకరి పేరుకు మారదు. కోసింది అతకదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు నా దగ్గరికి వచ్చేవారు.

ఆకివీడు దారిలో ఒకాయన పెరట్లో అలాంటి బండి ఉండిపోయింది. అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. "గుడ్లు మాత్రం బానే పెడుతున్నాయండి," అని ఆయన నవ్వించబోయాడు. ఆయన అప్పటికి వేరేవాళ్ళ లారీ మీద డ్రైవరుగా చేరాడు. నాకు నవ్వు రాలేదు.

వీర్రాజు బండి

ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది సంగతి ఇది. సరస్సు బాగుపడాలనే కొట్టించారు, ఆ తప్పొప్పులు నేను చెప్పను. చెరువుల మీద బతికినవాళ్ళకు మాత్రం ఒక్కసారిగా పని పోయింది. బండ్లు గుంపులు గుంపులుగా అమ్మకానికి వచ్చాయి.

వీర్రాజుది సరస్సు మధ్య ఊరు. వలపట్టు ముఠాకు పెద్ద. చెరువులో చేప ఎదిగాక ముఠా వచ్చి పెద్ద వల లాగుతుంది, చేపలు ఐసు పెట్టిన లారీల్లో వెళ్ళిపోతాయి, ముఠా ఇంకో చెరువుకు పోతుంది. అందుకని అతను డబుల్ క్యాబిన్ కొనుక్కున్నాడు. తమ్ముళ్ళు, బావమరుదులు లోపల, వల వెనక తొట్టిలో. కొనేటప్పుడు నేనే చూసి పెట్టాను. ఆ పనికి అంతకంటే మంచి బండి లేదు.

ఇప్పుడు వల వెయ్యడానికి చెరువులు లేవు. సరస్సుకు అవతల మిగిలిన చెరువుల దగ్గర చేపలు కొని ఏలూరు, గూడెం బజార్లకు తోలుకుందామని అన్నదమ్ములంతా అనుకున్నారు. దానికి ట్రేలు పట్టే బండి కావాలి. వీర్రాజు మేనమామ నాగయ్య కోయించేద్దామన్నాడు. ఓ పొద్దున్న వీర్రాజు నాకు ఫోను చేసి, "బాషాగారూ, కోసేశాక బండి ఎంత చేత్తాదండీ?" అని అడిగాడు. బండి అప్పటికే ఏలూరులో ఓ గ్యాస్ కట్టరు షెడ్డుకు చేరిపోయింది. నేను చొక్కా బొత్తాలు దారిలో పెట్టుకుంటూ పరుగెత్తాను.

వెళ్ళేసరికి వెనక సీటు ఊడదీసి నేల మీద పెట్టారు. క్యాబిన్ కప్పు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి ఉంది. నాగయ్య ఆ ఊడదీసిన సీటు మీదే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఆపండి నాగయ్యగారూ. కోస్తే ఎఫ్‌సీ అవ్వదు," అన్నాను.

"ఏవండీ, మీకు కాయితం కావాలి, మాకు ట్రేలు కావాలి," అన్నాడు ఆయన, కోపం లేకుండా.

"కాగితం లేకపోతే ఆ ట్రేలు రోడ్డెక్కవండీ. ఆకివీడు దారిలో కోళ్ళ బండి చూశారా?"

"సూశానండి. ఆడికి కోయించడం సేతకాలేదు."

ఇలాంటి మనిషితో ఎవరు వాదించగలరు? నేను వీర్రాజు వైపు తిరిగాను. అతను బండి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కోయకపోతే దీన్ని ఏం చేసుకోమంటారండీ? గూడెంలో అడిగితే సగం ధర చెప్పారు. దాంతో సింగిల్ బండి రాదు. ఇదీ పోతే ఇంక మాకు వల తప్ప ఏం మిగల్లేదండి. ఎయ్యడానికి చెరువు లేదు. మా ముఠాలో ఉన్నోళ్ళందరి పొయ్యిలూ దీని మీదే ఉన్నాయి," అన్నాడు.

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. రెండు రోజులు ఆగమన్నాను. నాగయ్య చుట్ట నలిపి, "రెండ్రోజుల్లో ఈయన చెరువు తవ్వుతారేటి?" అన్నాడు. వీర్రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడన్న సంతోషం గేటు దాటేవరకే.

గూడెం వెళ్ళి సుబ్బారాయుడుగారిని అడిగితే, "కొల్లేరు కంపు కొట్టే చుట్టాల బండా? నువ్వు కొనుక్కోవయ్యా," అని నవ్వారు. టవర్ల కాంట్రాక్టర్లను అడిగాను. వాళ్ళే అమ్ముకుంటున్నారు. రెండో రోజు పొద్దున్న బస్సులో కూర్చుని ఒక్కటే ఆలోచించాను. ఈ బండి లేక ఎవరు ఇబ్బంది పడుతున్నారు? వీర్రాజుకు ఇది అన్నాళ్ళూ ఎందుకు పనికొచ్చింది? సరుకు వేరే లారీలో పోతుంది కాబట్టి. మనుషులు మాత్రమే తిరగాలి కాబట్టి. అలా సరుకొక బండిలో, మనుషులొక బండిలో పోయే పని ఇంకెక్కడుంది?

పెదవేగి గుర్తుకొచ్చింది. పామాయిల్ తోటలు. గెలలు ట్రాక్టర్ల మీద ఫ్యాక్టరీకి పోతాయి. కోతముఠా, కత్తి కట్టిన పొడుగాటి గెడలు పట్టుకుని తోటనుంచి తోటకు తిరుగుతుంది. ఆ దారిలో సింగిల్ క్యాబిన్ పికప్ తొట్టిలో ఆడవాళ్ళు నిలబడి వెళ్ళడం నేను ఎన్నిసార్లు చూశానో! అది నా కళ్ళ ముందునుంచి పోయేటప్పుడు టైర్లు మాత్రమే చూశాను. తరువాతి స్టాపులో దిగి పెదవేగి బస్సెక్కాను.

మంగమ్మ నిర్ణయం

సత్తిబాబు అక్కడ తోటలకు కోతముఠాలను పెట్టే మేస్త్రీ. అతని దగ్గర సింగిల్ క్యాబిన్ ఉంది, వీర్రాజు బండి ఈడుదే. విషయం చెప్పి, బండికి బండి మార్చుకుంటారా అంటే తల గోక్కున్నాడు. క్రితం ఏడాది మలుపులో ఓ కూలీ మనిషి తొట్టిలోంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందట. అప్పటినుంచీ ముఠాలో ఆడవాళ్ళు సణుగుతున్నారట. బండి తెమ్మన్నాడు, చూస్తానన్నాడు. నేను అక్కడినుంచే ఫోను చేశాను. మధ్యాహ్నానికి వీర్రాజు, నాగయ్య, తమ్ముళ్ళూ బండేసుకుని వచ్చేశారు. వెనక సీటు మళ్ళీ బిగించారు గానీ కప్పు మీద సుద్దగీత తుడవడం మరిచిపోయారు.

రెండు బండ్లనూ పక్కపక్కన పెట్టించి కింద దూరాను. సత్తిబాబు బండికి బ్రేకులు మార్చాలి, టైర్లు కొత్తవి. వీర్రాజు బండి ఇంజను నిక్షేపం. వెనక సీటు కింద మ్యాటు ఎత్తి చూపించాను. తడి వల కొన్నాళ్ళు లోపల పెట్టారో ఏమో, ఓ మూల తుప్పు పట్టింది. వాసన సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వీర్రాజు మొహం నల్లబడింది. మీరు మా మనిషా, వాళ్ళ మనిషా అన్నట్టు నాగయ్య నన్ను చూశాడు.

సత్తిబాబు నన్ను పక్కకు పిలిచాడు. "సూటిగా చెప్పండి బాషాగారూ. బండికి బండి మార్చుకుంటే నేను నష్టపోతానా?"

ఆ క్షణం నాకు చాలా కష్టమైంది. నష్టం లేదని ఒక్క మాట అంటే వీర్రాజు ఒడ్డున పడతాడు. అయినా ఉన్నదే చెప్పాను. "దీన్ని రేపు గూడెం తోలుకెళ్ళి అమ్మితే నష్టపోతారు. ఖాయంగా. అమ్మకుండా మీ పనికి తిప్పుకుంటే నష్టపోరు. ఆ తుప్పు ముక్క మార్పించుకోండి, ఆ ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలి. మీ బ్రేకుల ఖర్చు మీరు పెట్టుకోండి. అప్పుడు నా లెక్కలో రెండూ సమానం."

సత్తిబాబు ఓసారి బండి చుట్టూ తిరిగాడు. ముక్కు చిట్లించాడు. "ఆలోచించుకుని చెబుతానండీ," అన్నాడు. ఆ మాటకు మా వైపు వద్దనే అర్థం. వీర్రాజు తలొంచుకున్నాడు. తిరిగి ఏలూరు వెళితే బండి నేరుగా ఆ షెడ్డుకే పోతుంది, ఈసారి నేను ఆపలేను.

అప్పుడే అన్నాల వేళకు ముఠా తోటలోంచి బయటికి వచ్చింది. ముందు నడుస్తున్నావిడ మంగమ్మ, ఆడవాళ్ళకు పెద్ద. సంగతేమిటని సత్తిబాబును అడిగింది. విని, ఎవరి అనుమతీ అడక్కుండా వెనక తలుపు తీసి లోపలికెక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది. అద్దం పైకి తిప్పింది, కిందికి తిప్పింది.

"కంపు కొడతందే," అంది పక్కావిడ బయటినుంచి.

"ఫినాయిలు ఏస్తే పోద్ది. లచ్చిమి చెయ్యి అతుక్కోడానికి ఎంతకాలం పట్టిందో మర్చిపోయావా? ఎక్కు," అంది మంగమ్మ. ఒకరొకరూ ఎక్కారు. ముందిద్దరు, వెనక నలుగురు, ఒకరి ఒళ్ళో ఒకరు. తరువాత ఆవిడ అద్దంలోంచి తల బయటపెట్టి, "సత్తిబాబుగారూ, మేం దిగమండి. గెడలు ఎనకాల పెట్టించండి," అంది.

సత్తిబాబు నవ్వేశాడు. తన బండి తాళాలు వీర్రాజు చేతిలో పెట్టాడు. వీర్రాజు తన తాళాలు అతనికిచ్చాడు.

నాగయ్య మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా సింగిల్ క్యాబిన్ తొట్టిలోకి ఎక్కేశాడు. వంగి జానలతో కొలవడం మొదలుపెట్టాడు. అటు కొలిచాడు, ఇటు కొలిచాడు. నిటారుగా నిలబడి, "ఒరేయ్ ఈర్రాజూ, ట్రేలు పడతాయిరా! అన్నీ పడతాయి!" అని అరిచాడు. తమ్ముళ్ళు కూడా ఎక్కారు. వీర్రాజు బండి స్టార్ట్ చేశాడు.

ముందుకొచ్చి కూర్చోమని వీర్రాజు పిలిచినా నాగయ్య దిగలేదు. అది చూసి మంగమ్మ కొత్త సీట్లోంచి కేకేసింది. "పెద్దాయనా, ఎడంపక్క ఆ కమ్మీ గట్టిగా పట్టుకోండి. మలుపులో విసిరేత్తాది. ఇన్నేళ్ళూ పట్టుకున్నదాన్ని చెబుతున్నాను."

"ఆయ్," అన్నాడు నాగయ్య. ఆవిడ చెప్పిన కమ్మీనే రెండు చేతులతో పట్టుకున్నాడు.